పైస్లీలో పుట్టిన గోల్‌కీపర్

క్యారీ, నార్త్ కరోలినా
20 నవంబరు 2025

వసంతక్కా,

కవరు మీద నా పేరు చూసి దీన్ని వంటింటి బల్ల మీద రెండు రోజులు అలాగే పడేసి ఉంటావని నాకు తెలుసు. మనం మాట్లాడుకుని పదిహేనేళ్లయింది. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ మనిద్దరికీ ఫోన్ పడదు. రెండో నిమిషంలో నువ్వు ఒకటంటావు, మూడో నిమిషంలో నేను పెట్టేస్తాను. ఉత్తరమైతే చింపేలోపు ఎలాగూ చదువుతావు.

మొన్న మంగళవారం డెంటిస్ట్ దగ్గరికని అబద్ధం చెప్పి మధ్యాహ్నమే ఆఫీసు నుంచి వచ్చేశాను. హంసిక చివరి క్లాసు ఎగ్గొట్టింది. ఇద్దరం సోఫాలో కూర్చుని స్కాట్లండ్, డెన్మార్క్ మ్యాచ్ చూశాం. గెలిస్తేనే వరల్డ్ కప్, డ్రా అయితే లేదు. చెరి రెండు గోల్స్‌తో ఆట అయిపోవస్తుంటే నాకు చెమటలు పట్టాయి. తర్వాత మూడోది, ఆ వెంటనే మైదానం మధ్య నుంచి కొట్టిన నాలుగోది. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత వరల్డ్ కప్. హంసిక కార్పెట్ మీద బోర్లా పడుకుని ఏడ్చింది. లేచి ముక్కు తుడుచుకుని, "పెద్దమ్మ ఆ స్టేడియంలోనే ఉంది కదా?" అంది. నిన్ను చూసిన జ్ఞాపకం దానికి లేదు. నీ గురించి నేను చెప్పిందే. అప్పుడు నీకు రాయాలనిపించింది.

పైస్లీలో నా కాన్పు రోజున నువ్వు మొదట చేతుల్లోకి తీసుకున్న పిల్లకు ఇప్పుడు పదహారేళ్లు. అయిదడుగుల తొమ్మిదంగుళాలు. ఆ పొడుగు వాళ్ల నాన్న హర్ష వైపు నుంచి వచ్చింది, ఆ మొండితనం మన వైపు నుంచి. గోల్‌కీపర్. గత నెల ఇక్కడొక టోర్నమెంట్‌లో దాని ఆట చూసి మోరాగ్ అనే కోచ్ వచ్చి పలకరించింది. స్కాట్లండ్ ఆవిడే. "నేను పైస్లీలో పుట్టాను" అని ఇది చెప్పగానే ఆవిడ పుస్తకం తెరిచిందట. స్కాట్లండ్‌తో సంబంధం ఉండి అమెరికాలో పెరుగుతున్న ఆడపిల్లలకు వచ్చే ఏప్రిల్‌లో నాలుగు రోజుల క్యాంప్ పెడుతున్నారు. అక్కడ నచ్చితే అండర్ సెవెంటీన్ జట్టు దాకా వెళ్లవచ్చు. అక్కా, మన పిల్ల ఆ నీలం జెర్సీలో.

పాస్‌పోర్ట్ ఉండాలన్నారు. అక్కడ పుట్టిన పిల్లకు బ్రిటిష్ పాస్‌పోర్ట్ కోసం ఏ ఆఫీసుకి రాయాలో నీకు తెలిసే ఉంటుంది. బర్త్ సర్టిఫికెట్ నా దగ్గర భద్రంగా ఉంది.

నీ చెల్లెలు (ఇంకా ఒప్పుకుంటే),
ఉజ్వల


పైస్లీ
3 డిసెంబరు 2025

ఉజ్వలా,

రెండు రోజులు కాదు, నాలుగు రోజులు పడేశాను. అయిదో రోజున చదివి, చదివిన ఉత్తరాన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని ఆస్పత్రి డ్యూటీకి వెళ్లాను. ఆ రోజు వార్డులో అందరికీ చెల్లెలి కూతురు కాదు, నా కూతురే అన్నట్టు చెప్పేశాను. సరిదిద్దుకోలేదు కూడా.

అవును, ఆ రోజు హాంప్డెన్‌లోనే ఉన్నాను. నాలుగో గోల్ పడినప్పుడు నా ముందు వరసలో ఉన్న పెద్దమనిషి వెనక్కి తిరిగి నన్ను వాటేసుకున్నాడు. ఎవరో తెలియదు. అతని కళ్లద్దాలు ఇప్పటికీ నా కోటు జేబులో ఉన్నాయి, ఎలా తిరిగివ్వాలో తెలియడం లేదు.

గోల్‌కీపర్ అన్నావు. ఎడమ వైపు దూకుతుందా, కుడి వైపా? ముందుకొచ్చి బంతి అందుకుంటుందా, గీత మీదే నిలబడుతుందా? నీకు తెలియకపోతే దాన్ని అడిగి రాయి. ఇక్కడ నేను మా ఊరి క్లబ్బు సెయింట్ మిరెన్ మనిషిని. పైస్లీలో ఉంటూ గ్లాస్గో పెద్ద క్లబ్బుల వెంట పడేవాళ్లంటే నాకు చిరాకు. సీజన్ టికెట్, పదహారేళ్లుగా అదే సీటు. పద్నాలుగున మాకు లీగ్ కప్ ఫైనల్ ఉంది. ఓడిపోతామని అందరికీ తెలుసు. అందరం వెళ్తున్నాం.

హర్ష ఇంకా కూరగాయల లిస్టుకు కూడా ఎక్సెల్ షీట్ వేస్తున్నాడా?

కాగితాల సంగతి కనుక్కుని రాస్తాను. తొందర పడవద్దు.

వసంత


క్యారీ
21 డిసెంబరు 2025

అక్కా,

మూడు, ఒకటి. గ్లాస్గో సెల్టిక్ క్లబ్బు మీద. నిన్ను టీవీలో కనిపెట్టాలని హంసిక ప్రతి నలుపు తెలుపు మఫ్లర్ దగ్గరా ఆపి ఆపి చూసింది. రెండు చేతులూ పైకెత్తి ఏడుస్తున్న ఒక ఆవిడను చూపించి "ఈమే" అని తేల్చింది. నువ్వు అంత లావయ్యావా అని నాకు అనుమానంగా ఉంది గానీ దాని సంతోషం ఎందుకు పాడుచేయాలి.

నీ ప్రశ్నలకు జవాబులు: కుడి వైపు బాగా దూకుతుందట, ఎడమ వైపు నేర్చుకుంటోందట. ముందుకు వస్తుంది. "మరీ ముందుకు వస్తుంది" అని ఇక్కడి కోచ్ గొణుగుడు.

క్యాంప్ పిలుపు వచ్చింది. లెటర్‌హెడ్ మీద, దాని పేరుతో. దాన్ని ఫ్రిజ్ మీద అంటించాం. నిన్న మా స్నేహితులు మనీషా వాళ్లింట్లో, అందరూ తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌కి వెళ్తే హర్ష ముప్పై మందికి చెప్పాడు. ఈ పదహారేళ్లూ మేం చెప్పుకున్నది అదే కదా. అందరి పిల్లలూ ఇక్కడే పుట్టారు, పుట్టగానే అమెరికన్లు. మా గ్రీన్‌కార్డ్ పన్నెండేళ్లుగా లైన్‌లో కదలదు, మా పిల్ల డిపెండెంట్ వీసా మీద ఉంది, ఇరవై ఒకటి నిండితే దాని గతేమిటో తెలియదు. అలాంటప్పుడు "మా హంసిక స్కాట్లండ్‌లో పుట్టింది" అన్న మాటొక్కటే మమ్మల్ని నిలబెట్టేది. ఎవరికీ ఏ కాగితం చూపించనక్కర్లేకుండా, ఆ మాట అంటే చాలు.

నువ్వు కనుక్కుంటానన్నది మరిచిపోయావు. ఫారం ఫిబ్రవరిలోగా పంపాలి.

ఉజ్వల


పైస్లీ
11 జనవరి 2026

ఉజ్వలా,

నేను మరిచిపోలేదు. కనుక్కోవలసిన పని కూడా లేదు. ముప్పై ఏళ్లుగా ఈ దేశంలో ఉన్నదాన్ని, మొదటి ఉత్తరం చదివిన రోజే నాకు జవాబు తెలుసు. రాయడానికి చేయి రాలేదు.

హంసికకు బ్రిటిష్ పాస్‌పోర్ట్ రాదు. ఇది అమెరికా కాదు. ఇక్కడ పుట్టినంత మాత్రాన ఇక్కడి పౌరులు కారు. పుట్టేనాటికి తల్లిదండ్రుల్లో ఒకరికైనా ఇక్కడ స్థిరనివాసం ఉండాలి, లేదా తర్వాతైనా వచ్చి ఉండాలి. పిల్ల పుట్టేనాటికి మీరు వచ్చి రెండున్నరేళ్లే అయింది. అయిదేళ్లు నిండితే మీకు వచ్చేది, మీతో పాటు పిల్లను రిజిస్టర్ చేయించుకునేవాళ్లు. ఇంకో ఏడాదిన్నర. అదే నేను ఆనాడు చెప్పింది. "అమెరికాలో అయిదేళ్లలో గ్రీన్‌కార్డ్ అట" అని హర్ష షీట్ తెరిచి చూపించాడు. నేను ఏదో అన్నాను. నువ్వు ఏదో అన్నావు. ఆ సాయంత్రం తర్వాత మనం మాట్లాడుకోలేదు.

ఇక్కడి లీగ్‌లో ముప్పై మూడు ఆటలయ్యాక పన్నెండు క్లబ్బులను రెండు ముక్కలు చేస్తారు. పై ఆరు ఒకవైపు, కింది ఆరు ఒకవైపు. ఆ తర్వాత కింది జట్టు ఎన్ని గెలిచినా, పైనున్న ఆరో జట్టు కంటే ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నా, దానికి ఏడో స్థానమే. గీత గీసిన రోజున ఎటువైపు ఉన్నావన్నదే లెక్క. ప్రతి ఏప్రిల్‌లోనూ దీన్ని తిట్టుకుంటూనే చూస్తాను. మీ విషయంలో జరిగిందీ అదే, మీరు గీతకు ఇవతల ఉండగా బండెక్కారు.

పుట్టిన చోటు ఉంది, పాస్‌పోర్ట్ లేదు. రెండూ ఉంటేనే జాతీయ జట్టు. పిల్లకు మెల్లగా చెప్పు. క్యాంప్‌కు ముందే చెప్పు.

వసంత


క్యారీ
2 ఫిబ్రవరి 2026

అక్కా,

జవాబు తెలిసి నవంబరు నుంచి జనవరి దాకా నా చేత పాట్‌లక్‌లో డప్పు కొట్టించావు. "కనుక్కుని రాస్తాను" అన్నావు. ఆనాడు చెప్పిన మాట నిజమైందని నీకు లోపల ఎక్కడో తృప్తిగా ఉండి ఉంటుంది. ఉంటే ఉండనీ.

ఇద్దరు లాయర్లను అడిగాం. నువ్వు చెప్పిందే చెప్పారు. హర్ష మూడు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. పాత ల్యాప్‌టాప్ తీసి ఆ 2010 నాటి షీట్ వెతికాడు. దొరికింది. అందులో "పిల్ల" అన్న వరసే లేదు.

మా ఇంటి సంగతి మేం చూసుకుంటాం.

ఉజ్వల


పైస్లీ
8 మార్చి 2026

ఉజ్వలా,

నువ్వు రాయవద్దన్నట్టే రాశావు. నేను రాయక తప్పలేదు, ఎందుకంటే నీ కూతురు నాకు ఉత్తరం రాసింది. తెలుగులో, పెన్సిల్‌తో గీతలు గీసుకుని. వత్తులు సగం లేవు, ప్రేమ మాత్రం పూర్తిగా ఉంది. పైస్లీ వానలో బంతి జారుతుందా, గ్లవ్స్ ఏవి కొనుక్కోవాలి, జట్టులోకి తీసుకుంటే నా ఇంట్లో ఉండవచ్చా అని అడిగింది.

అంటే పిల్లకు తెలియదు. క్యాంప్‌కు నాలుగు వారాలుంది. ఆ పిల్ల నెలల తరబడి ఎడమ వైపు దూకడం నేర్చుకుంటోంది, నువ్వు పక్కనుండి చూస్తున్నావు. నిన్ను తిట్టే హక్కు నాకు లేదు, నేను చేసిందీ అదే కనుక. అందుకే నీకొకటి చెప్పాలి.

తృప్తి అన్నావు. నాకు తృప్తి ఏమీ లేదు. ఆనాడు నేను చెప్పిన రూల్ నిజమే గానీ, అడ్డుపడింది రూల్ కోసం కాదు. పిల్ల కోసం. ఏడాది వయసు. డ్యూటీ దిగి మీ ఇంటికి వస్తే నా మెడలో ఐడీ కార్డు నోట్లో పెట్టుకునేది. నాకు పిల్లలు లేరు, దాన్ని తీసుకువెళ్లవద్దని అడగడానికి నాకు సిగ్గేసింది. అందుకని ఇమిగ్రేషన్ రూల్స్ మాట్లాడాను. మనసులో మాట చెప్పి ఉంటే నువ్వు వెళ్లేదానివే, కానీ ఉత్తరాలైనా రాసుకునేవాళ్లం.

నేను చేసిన పని నువ్వు చేయకు. చెప్పెయ్యి. గ్లవ్స్ నేను పంపుతున్నాను, తడిలో పట్టు ఉండేవి.

వసంత


క్యారీ
12 ఏప్రిల్ 2026

అక్కా,

నీ ఉత్తరం బాత్రూమ్‌లో తలుపు వేసుకుని చదివాను. ఆ ఐడీ కార్డు నాకూ గుర్తుంది. ఇప్పుడు నేనూ ఒకటి చెప్పాలి. ఫారంలో "బ్రిటిష్ పాస్‌పోర్ట్" అన్న చోట మూడు గడులున్నాయి: ఉంది, అప్లై చేశాం, లేదు. హర్ష "అప్లై చేశాం" మీద టిక్ పెట్టాడు. "ముందు సెలెక్ట్ అవనీ, తర్వాత చూద్దాం" అన్నాడు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను, ఆపలేదు. నీకు కోపంగా రాసిన రోజే పంపాం.

నీ ఉత్తరం వచ్చాక కూడా రోజూ రేపు రేపు అనుకున్నాను. చివరికి క్యాంప్‌కు బయల్దేరిన పొద్దున, గ్రీన్స్‌బరో దారిలో, గ్యాస్ స్టేషన్ దగ్గర కారు ఆపి చెప్పాను. అంతా చెప్పాను. టిక్ సంగతి కూడా. అది నీ గ్లవ్స్ ఒళ్లో పెట్టుకుని విన్నది.

"అంటే నేను ఎక్కడి నుంచీ కాదా అమ్మా?" అంది.

"వెనక్కి తిప్పనా?" అన్నాను.

"నో. డ్రైవ్ చెయ్యి."

మైదానం దగ్గర దిగి నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చింది. "నువ్వు కూడా రా. నేను ఒక్కదాన్నే చెప్పను," అంది.

బల్ల మీద పేర్ల లిస్టు, పక్కన నీలం జెర్సీలు, ఒక్కోదాని మీద ఒక్కో నంబరు. మోరాగ్ దీని జెర్సీ తీసి అందించింది. ఇది తీసుకోలేదు. "మా ఫారంలో తప్పుంది. నాకు బ్రిటిష్ పాస్‌పోర్ట్ లేదు. అప్లై చెయ్యలేదు. చేసినా రాదు. సారీ," అని చెప్పింది. నాన్న పేరు ఎత్తలేదు, నా వైపు చూడలేదు. "మా ఫారం" అంది. నేను ముందుకొచ్చి ఆ టిక్ మాదే, పిల్లకు ఈ పొద్దునే తెలిసిందని చెప్పాను. మోరాగ్ ఫారం వెతికి తీసి, ఆ గడిని తనే కొట్టేసి, పెన్ను కింద పెట్టింది. "నిన్ను లిస్టులో ఉంచలేను, తల్లీ" అంది మెల్లగా.

అక్కడితో అయిపోయిందనుకుని నేను కారు తాళాలు తీశాను. ఇది మాత్రం మైదానం వైపు చూస్తూ నిలబడింది. "లిస్టులో టెక్సాస్ నుంచి ఇంకో కీపర్ పేరుంది కదా. వచ్చిందా?" అని అడిగింది.

రాలేదట. మణికట్టు విరిగిందట.

"మరి రెండో గోల్‌లో ఎవరు నిలబడతారు?"

మోరాగ్ మళ్లీ లిస్టు చూసుకుంది. ఇరవై మంది ఆటగత్తెలు, ఒక్క కీపర్. ఎదురుగా కీపర్ లేకపోతే ఎవరు ఎలా కొడుతున్నారో ఏం తెలుస్తుంది?

"నేను నిలబడతాను. జెర్సీ వద్దు. లిస్టులో పేరు వద్దు. వాళ్లని మీరు సరిగ్గా చూడాలి కదా," అంది.

అక్కా, కన్నదాన్నే అయినా ఆ క్షణంలో ఈ పిల్ల ఎవరా అనిపించింది. మోరాగ్ తన బ్యాగ్‌లోంచి ఒక బూడిద రంగు స్వెట్‌షర్ట్ తీసి ఇచ్చింది, దాని మీద ఏ గుర్తూ లేదు. నాలుగు రోజులూ అది వేసుకునే ఆడింది. మిగతా పిల్లల్లో ఒకరి తాతది డండీ, ఒకరి అమ్మమ్మది అబర్డీన్. ఒక్కరు కూడా స్కాట్లండ్‌లో పుట్టలేదు. ఇదొక్కటే పుట్టింది, ఇదొక్కటే లెక్కలో లేదు. మూడో రోజుకల్లా ఆ పిల్లలంతా దీన్ని "పైస్లీ" అని పిలవడం మొదలుపెట్టారు.

చివరి రోజు మ్యాచ్. హర్ష సెలవు పెట్టి వచ్చాడు. పక్కనున్న ఒక తండ్రి మీ అమ్మాయి ఎవరని అడిగితే, "ఆ బూడిద రంగు" అని చెప్పి లేచి వెళ్లి కంచె పట్టుకుని నిలబడ్డాడు. ఎడమ వైపు రెండు ఆపింది, నేను లెక్కపెట్టాను. ఒకసారి మరీ ముందుకొచ్చి బంతి మీద పడిపోయింది, ఎదుటి పిల్ల దీని మీద పడింది. లేచి ఆ పిల్లకే చేయందించింది. రెండో సగం చివర్లో కార్నర్ నుంచి ఒక గోల్ పడింది. అంతే.

అయిపోయాక మోరాగ్ నా దగ్గరికి కాదు, దీని దగ్గరికి వచ్చింది. నీ పాస్‌పోర్ట్ ఏ దేశానిదని అడిగింది. ఇండియాది అంది. అక్కడి అమ్మాయిల జట్టుకు నీ గురించి నేను రాయనా అని అడిగింది. ఇది వెంటనే అవుననలేదు. "ఆలోచించుకుని చెప్తాను. ఈసారి ఫారం నేనే నింపుతాను," అంది. హర్ష తల దించుకున్నాడు, తర్వాత నవ్వాడు. రెండు నెలల తర్వాత నవ్వాడు.

కార్‌లో నేనే ఏడ్చాను. అది కిటికీలోంచి చూస్తూ అంది: "అమ్మా, నేను వాళ్లకి ఆడలేను. ఓకే. బట్ నా మీద ఒక్క గోల్ కొట్టడానికి వాళ్లకి సెవెంటీ వన్ మినిట్స్ పట్టింది."

పదహారేళ్లూ ఎక్కడ పుట్టిందో చెప్పుకుని గర్వపడ్డాం, అక్కా. ఇప్పుడు అది చెప్పుకోవాలని కూడా లేదు. దాన్ని చూస్తే చాలు.

ఉజ్వల


పైస్లీ
26 ఏప్రిల్ 2026

హంసికా,

ఈ ఉత్తరం మీ అమ్మకు కాదు, నీకు. ఆదివారం తెలుగు బడిలో ఎంతవరకు నేర్పారో తెలియదు గనుక పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. అర్థం కాని చోట అమ్మను అడుగు, కానీ మొత్తం చదివి పెట్టనివ్వకు.

మీ అమ్మ రాసిన ఉత్తరాన్ని నిన్న మ్యాచ్‌కు తీసుకెళ్లాను. నా పక్క సీటు ఆర్చీది. డెబ్బై నాలుగేళ్లు, పదహారేళ్లుగా నా పక్కనే కూర్చుంటాడు, ఈ ఊళ్లో నాకు అందరికంటే దగ్గరి మనిషి. హాఫ్ టైమ్‌లో ఆ ఉత్తరాన్ని ఇంగ్లీషులో చెప్పాను. మాంసం కూరిన రొట్టె అతని చేతిలోనే చల్లారిపోయింది, తినలేదు. నువ్వు లిస్టులో పేరు వద్దన్న చోట వెనక వరస వాళ్లు కూడా ముందుకు వంగి వింటున్నారు. సెవెంటీ వన్ మినిట్స్ అనగానే ఆర్చీ టోపీ తీశాడు. ఓడిన రోజున కూడా తీయని టోపీ అది.

రెండో సగం మొదలయ్యాక మైదానం వైపు చూస్తూనే అడిగాడు, "ఆ అమ్మాయి ఇండియాకి ఆడుతుందా?"

"ఆలోచించుకుంటానంది," అన్నాను.

"అయితే ఎప్పుడో ఒకరోజు మనం తన మీద గోల్ కొట్టాల్సి వస్తుంది," అన్నాడు, నిజంగా దిగులుపడుతూ.

ఇండియాకి ఆడతావో లేదో నీ ఇష్టం. నేను చెప్పను. నీ విషయంలో ఒకసారి పెద్దవాళ్లం అందరం తలా ఒక లెక్క వేశాం, నిన్ను ఎవరం అడగలేదు. జూన్‌లో వరల్డ్ కప్‌కి బోస్టన్‌లో స్కాట్లండ్, హైతీ మ్యాచ్ చూసుకుని మీ ఇంటికి వస్తున్నాను. మూడు వారాలు ఉంటాను, మీ అమ్మకు ముందే చెప్పి ఉంచు. పొద్దున్నే లేచి నీకు బంతులు విసురుతాను. యాభై ఎనిమిదేళ్ల దాని విసురు ఎలా ఉంటుందో ఊహించుకో.

ఒక్కటి మాత్రం ఇప్పుడే రాసి ఇస్తున్నాను. ముప్పై ఏళ్లుగా నేను ఈ దేశం జట్టు కోసం అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నదాన్ని. ఆర్చీ భయపడే ఆ రోజు వస్తే, స్కాట్లండ్ ఒకవైపు, నువ్వు ఒకవైపు నిలబడితే, నా టికెట్ నీ గోల్ వెనక వరసలో కొనుక్కుంటాను.

మీ పెద్దమ్మ